ఒడెస్సమ్మ శనివారాలు

కాలేజీ ఆటల క్లబ్బువాళ్లు ఏటా మే నెలలో ఒక ఉదయం బాప్టిస్టు చర్చి వెనక హాల్లో టిఫిన్ పెడతారు. గ్రిట్సు అనే మొక్కజొన్న జావ, సాసేజీ, వేడి బిస్కెట్లు, వాటి వెనకే నిబంధనలు. టిఫిన్ తినడానికి ఊరంతా వస్తుంది, నిబంధనలు వినేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. కాలేజీలో నిబంధనల అధికారిణి రొవీనా బీసన్ పాపం ఓపిగ్గా నిలబడి చదువుతూనే ఉంటుంది.

“ఆటల క్లబ్బుకి ఒక్క డాలరు ఇచ్చినా మీరు బూస్టరే, అంటే జట్టు పోషకులే. ఇవ్వడం మానేసినా బూస్టరే. చచ్చేదాకా బూస్టరే,” అంది ఆవిడ.

“మరి చచ్చాకో?” అని వెనక బల్ల దగ్గర్నుంచి మంగలి ఓటిస్ అరిచాడు.

“చచ్చాక లాకెట్ గారు చూసుకుంటార్లే!” అన్నారెవరో. హాలంతా గొల్లుమంది.

థడియస్ లాకెట్ కూడా నవ్వాడు. డెబ్భై ఒక్కేళ్ల మనిషి. డెల్టాలోని ఆ చిన్న ఊళ్లో నల్లవాళ్ల ఇళ్లలో ఎవరు పోయినా స్నానం చేయించేది, పేటికలో పడుకోబెట్టేది, సమాధి దాకా తీసుకెళ్లేది ఆయనే. ఆయనకు ముందు వాళ్ల నాన్న. పని లేనప్పుడు లాకెట్ ధ్యాసంతా బాస్కెట్‌బాలే. కాలేజీ జిమ్‌లో మూడో వరసలో ఆయన కుర్చీలో ముప్ఫై నాలుగేళ్లుగా మరొకరు కూర్చున్నది లేదు.

“జట్టులో చేరబోయే పిల్లలకి గానీ, వాళ్లింట్లో వాళ్లకి గానీ మీరు భోజనం పెట్టకూడదు, కార్లో ఎక్కించుకోకూడదు, జుట్టు ఊరికే కత్తిరించకూడదు. ఓటిస్ గారూ, మీకే చెప్తున్నా. మీ వ్యాపారంలో ఏ పనైనా సరే, ఉచితంగా చేస్తే ఆ పిల్లకి ఆడే అర్హత పోతుంది. మీ ప్రేమ మీ దగ్గరే ఉంచుకోండి.”

లాకెట్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

తొమ్మిది రోజుల కిందటే ఆయన ఒడెస్సా ప్రూయిట్‌ను సాగనంపాడు. ఆమె మనవరాలు ట్వైలా వచ్చే శరత్కాలంలో ఆ కాలేజీ జట్టులోకే వస్తోంది. ఏప్రిల్లో హైస్కూల్లో ఆ పిల్ల జట్టులో చేరతానని సంతకం పెడుతున్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో ఈయనే ముందున్నాడు. అంత్యక్రియలయ్యాక అదే పిల్ల నల్ల గౌనులో ఆయన బల్ల ముందు నిలబడి “ఎంతయింది, సర్?” అని అడిగింది. “అంతా అయిపోయిందమ్మా. ఇంటికెళ్లు,” అన్నాడాయన. ఇచ్చుకోలేని ప్రతి ఇంటికీ యాభై ఏళ్లుగా చెబుతున్న మాట అది, నోటి నుంచి దానంతటదే వచ్చేసింది. ఆ పూట ఆయన కంటికి కనబడింది ఏడ్చి ఏడ్చి అలసిపోయిన పిల్లే గానీ, బాస్కెట్‌బాల్ ఆడే పిల్ల కాదు.

ఇంకొకడైతే బిస్కెట్టు ముక్కతోపాటు ఆ సంగతీ మింగేసి ఊరుకునేవాడు. లాకెట్‌కు అబద్ధం మింగుడుపడదు. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, కార్ల దగ్గర బీసన్‌ను పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆవిడ కాగితాల సంచి కారు మీద పెట్టి నుదురు పట్టుకుంది. “అయ్యో లాకెట్ గారూ! ఎంత పని చేశారండీ! ఒక సాండ్‌విచ్ పెట్టారంటే ఏదోలా సర్దుకొచ్చేదాన్ని. మీరు ఏకంగా అంత్యక్రియలే చేశారు!”

“నా బుద్ధి గడ్డి తింది. ఇప్పుడేం చెయ్యమంటారు?”

“పిల్ల ఆ ఖర్చు కట్టాలి. కట్టినా మొదటి ఏడాదంతా ఆడనివ్వరు. ఆడని పిల్లకి ఈ ఏడు స్కాలర్‌షిప్ రాదు. మళ్లీ వస్తుందని నేను మాటివ్వలేను.” ఆవిడే మళ్లీ అంది. “ఒక్క దారుంది. ఆటలతో సంబంధం లేనివాళ్లకి కూడా మీరు ఇలాగే చేశారని చూపించాలి. లేదా, ఆ పిల్ల ఆడుతుందని ఎవరికీ తెలియనప్పుడే ఆ ఇంటికి చేసుండాలి. పేర్లు చెప్పండి చాలు, ఈ గొడవ ఇక్కడితో ముగిసిపోతుంది.”

“చాలామందికి చేశాను. పేర్లు మాత్రం చెప్పను.”

“ఎందుకు చెప్పరు?”

“మా నాన్న నేర్పిన పద్ధతి అది. ఇచ్చుకోలేనివాళ్లొస్తే తలుపు మూసి ఆ మాట చెప్పాలి, తలుపు తీశాక మర్చిపోవాలి. నా భార్యక్కూడా తెలియదు.”

భార్య హేజెల్‌కు తెలియదన్నది ఆయన భ్రమ. ఆ సాయంత్రం వరండాలో చిక్కుడు గింజలు వలుస్తూ అంతా విని ఆవిడ అంది. “ముప్ఫై ఏళ్లయినా కారు మార్చని అంత్యక్రియలవాడు ఈ రాష్ట్రం మొత్తం మీద నువ్వొక్కడివే. నాకు తెలియదా? సర్లే. ఒడెస్సా మొగుడికి కూడా ఊరికే చేశావా?”

లాకెట్ ఒక చిక్కుడుకాయ తీసుకుని వలవడం మొదలుపెట్టాడు.

“చేశావన్నమాట. అదొక్కటి చెప్పు, చాలు. పిల్ల గట్టెక్కుతుంది.”

“చెప్పనని ఆవిడకి మాటిచ్చాను హేజెల్.”

ఇరవై మూడేళ్ల కిందట పత్తి జిన్నింగ్ మిల్లులో కర్టిస్ ప్రూయిట్ చనిపోయాడు. అప్పటికింకా ట్వైలా పుట్టలేదు. ఒడెస్సా ఇద్దరు పిల్లలతో వచ్చి, తలుపు మూశాక, లాకెట్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “నా పిల్లలకి తెలియనివ్వకండి. వాళ్ల పిల్లలకి కూడా. ధర్మానికి పూడ్చినవాడి సంతానమని నావాళ్లు తలొంచుకుని తిరగకూడదు,” అంది. ఆ పట్టు ఎంత గట్టిదో ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఊళ్లో ఎవరి దగ్గరా తల దించకుండానే బతికింది ఒడెస్సా. కూతురు పోతే మనవరాల్ని పెంచింది. చర్చిలో ఆవిడ నడిచొస్తుంటే పాస్టరు కూడా పక్కకు జరిగేవాడు.

లాకెట్ మూడు రోజులు సరిగ్గా తినలేదు. పోయినవాళ్లకిచ్చిన మాట తప్పడమంటే ఆయన దృష్టిలో చిన్న సంగతి కాదు, ఆయన బతుకే ఆ నమ్మకం మీద సాగింది. కానీ తన మతిమరుపు మూలాన పద్దెనిమిదేళ్ల పిల్ల చదువు పోతే, ఆ ఒడెస్సాకే రేపు పైన మొహం ఎలా చూపించేది? నాలుగోనాడు బీసన్‌కు ఫోన్ చేసి సరే చెప్తానన్నాడు. పిల్ల లేకుండా చెప్తానని బతిమాలాడు కూడా. కుదరదంది ఆవిడ. పిల్ల విని సంతకం పెడితే తప్ప ఆ కాగితం చెల్లదట.

గురువారం మధ్యాహ్నం కాలేజీలో బీసన్ గదికి ట్వైలా తను పని చేసే కిరాణా కొట్టు ఏప్రన్‌తోనే వచ్చింది. ఆరడుగుల పిల్ల, కుర్చీలో కాళ్లెక్కడ పెట్టుకోవాలో తెలియక ముడుచుకుని కూర్చుంది. లాకెట్ టోపీ ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల మొహం చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. మిల్లు, కర్టిస్, మూసిన తలుపు, పట్టుకున్న చెయ్యి అన్నీ చెప్పాడు.

“నన్ను క్షమించమ్మా. నీకు తెలియకూడదంది మీ అమ్మమ్మ.”

బీసన్ చకచకా రాసుకుంటోంది, ఆవిడ మొహంలో చాన్నాళ్లకు వెలుగు కనిపించింది. “చాలు లాకెట్ గారూ, ఇంతకన్నా ఏం కావాలి? ఈ పిల్లకి పద్దెనిమిదేళ్లు, అప్పటికి లోకంలోనే లేదు. ట్వైలా, ఇక్కడ సంతకం పెట్టు తల్లీ. నవంబరులో మొదటి ఆటకి నువ్వే దిగుతావు.”

ట్వైలా కలం తీసుకోలేదు. “అమ్మమ్మ ఈయన దగ్గర ధర్మానికి చేయించుకుందని రాశారా అందులో?”

“రాయక తప్పదమ్మా.”

“అయితే అది అబద్ధం, మేడమ్.”

లాకెట్ తలెత్తాడు.

“శనివారాల సంగతి ఈయన చెప్పలేదు,” అంది ట్వైలా. “ప్రతి శనివారం పొద్దున్నే అమ్మమ్మ వీళ్ల ప్రార్థన గదిలో బల్లలు తుడిచేది, కిటికీలు కడిగేది. పదకొండేళ్లు చేసింది. ఆఖర్లో నేనూ వెళ్లేదాన్ని, నా చేతికో గుడ్డ ఇచ్చేది. నాకప్పుడు ఆరేళ్లు. ఒక శనివారం బక్కెట్టు బోర్లించి, నన్ను తాతయ్య సమాధి దగ్గరకి తీసుకెళ్లి చెప్పింది. ‘ఇవాళ్టితో తీరిపోయిందే. ఇప్పుడు మీ తాతయ్య మనవాడు’ అంది. ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. మొన్న మీరు అంతా అయిపోయిందంటే తన అంత్యక్రియల ఖర్చు కూడా ముందే కట్టి పెట్టుకుందనుకున్నాను సర్. లేకపోతే మీ గుమ్మం దాటి వెళ్లేదాన్ని కాదు.”

లాకెట్‌కు శనివారాలు గుర్తున్నాయి. ఎన్నోసార్లు డబ్బివ్వబోతే “నాకిక్కడ ప్రశాంతంగా ఉంటుంది లెండి, ఉంచుకోండి” అనేది ఒడెస్సా. భక్తి అనుకున్నాడాయన. మొగుడి మీద బెంగ అని కూడా అనుకున్నాడు. పదకొండేళ్లపాటు ఒక మనిషి తన కళ్లెదుటే మోకాళ్ల మీద కూర్చుని బాకీ తీరుస్తుంటే, తాను దాతననుకుంటూ తిరిగాడు. తల కొట్టేసినట్టయింది ఆయనకు.

బీసన్ కలం కింద పెట్టింది. “ట్వైలా, విను. ఇది రాస్తే అది ఉచితం కాదు, పని చేసి తీర్చినట్టు. అప్పుడు లాకెట్ గారు మీ ఇంటికి ముందెప్పుడూ ఏదీ ఊరికే చేయలేదనే అర్థం. వేరే ఇళ్ల పేర్లు ఈయన చెప్పరు, ఇక మీ అమ్మమ్మది ఒక్కటే మిగులుతుంది. నీకు ఏడాది పోతుంది, బహుశా స్కాలర్‌షిప్పూ పోతుంది. ఈయన్ని జిమ్ గుమ్మం తొక్కనివ్వరు. ఇదేదీ నేను వినలేదనుకో. సంతకం పెట్టు.”

“మీరు విన్నారు కదా, మేడమ్.”

ఆవిడ దిక్కుతోచక లాకెట్ వైపు తిరిగింది. “మీరైనా చెప్పండి. చిన్నపిల్ల, ఏదో గుర్తుందనుకుంటోంది. ఆవిడ నిజంగా మీ దగ్గర పని చేసిందా? చేస్తే జీతం ఇచ్చారా?”

చేయలేదంటే చాలు, పిల్ల గట్టెక్కుతుంది. అందుకోసమే ఆయన మూడు రోజులు అన్నం మానేసి, ఇచ్చిన మాట తప్పి ఇక్కడిదాకా వచ్చాడు. ట్వైలా ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. అమ్మమ్మ గురించి ఈయన ఏమంటాడో వినాలని మాత్రం ఉంది.

“చేసింది,” అన్నాడు లాకెట్. “పదకొండేళ్లు చేసింది. నేను ఒక్క సెంటు కూడా ఇవ్వలేదు.”

బీసన్ ఆ కాగితం చింపి, ఇంకో కాగితం తీసి, మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. ట్వైలా కుర్చీ ముందుకు జరుపుకుని, రాస్తున్న చేతినే చూస్తూ కూర్చుంది.

“ఉత్త ప్రూయిట్ అని రాయకండి, మేడమ్,” అంది. “ఒడెస్సా మే ప్రూయిట్. తాతయ్యకి అయిన ఖర్చు తనే తీర్చిందని రాయండి. తనకి అయిన ఖర్చు నేను తీరుస్తానని రాయండి.”