దీపం వెలిగితే దిగాల్సిందే

నవ్వు నాలుగు విధాల చేటంటారు. మా గ్లెనిస్ మాత్రం ఆ నవ్వుతోనే బతికింది. అంతకుముందు లాండ్రీ పెట్టి మునిగింది, చేపల వేపుళ్ల కొట్టు పెట్టి మునిగింది. చివరికి మెల్‌బోర్న్‌లో, బ్రన్స్‌విక్ పేటలో ఒక పాత బేకరీని అద్దెకు తీసుకుని కామెడీ క్లబ్ తెరిచింది. అక్కడ బార్ వెనక గ్లాసులు కడిగేదాన్ని నేను.

ఆవిడకు ఒకటే పట్టింపు. వెనక గోడ మీద దీపం వేసిందంటే, వేదిక మీదున్నవాడు మాట ముగించి దిగిపోవాలి. ఒకసారి టీవీలో కనిపించేవాడికే వేసింది. వాడు అలిగి వెళ్లిపోతే, పొమ్మంది.

ఆ ఏడాది భవనం యజమాని వ్లాహోస్ లీజు పొడిగించనన్నాడు. టైర్ల కంపెనీవాళ్లు అడుగుతున్నారట. "ఒక్క గురువారం వచ్చి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం," అని గ్లెనిస్ బతిమాలి పిలిచింది. వెనక మూలన కూర్చోబెట్టింది కూడా, ముందు వరసలోవాళ్లను మా కమెడియన్లు బతకనివ్వరు కదా. కానీ ఆయనకు కాస్త చెముడు. నేను బీరు పోసేలోపే లేచి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ పూట మైకు మా కమెడియన్ డెస్మండ్ చేతిలో ఉంది.

"ఏం పెద్దాయనా, ఏం చేస్తుంటారేంటి?"

"ఈ బిల్డింగ్ నాదే."

"ఓహో! అయితే ఆ మరుగుదొడ్డి తలుపు పాపం మీదేనన్నమాట! గడియ లేదు కదా, లోపలికెళ్లినోడు పాట పాడుతూ కూర్చోవాల్సొస్తోంది!"

జనం గొల్లుమన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వ్లాహోస్ లేచి నిలబడ్డాడు.

"ఆ తలుపు బిగించింది నేనే. ఇక్కడ రొట్టెలు కాల్చే రోజుల్లో. గడియ పెడితే మా తమ్ముడు పని ఎగ్గొట్టి లోపలే నిద్రపోయేవాడు!"

క్లబ్బంతా కడుపుబ్బ నవ్వింది. డెస్మండ్ మైకు ఆయన చేతికిచ్చాడు. పిండి తొట్టిలో పడ్డ మామగారి సంగతి చెబితే జనం బల్లలు చరిచారు. రుచి మరిగాక ఊరుకుంటాడా? తమ్ముడి పెళ్లి, పెళ్లిలో విందు, విందులో వంటవాడి ఊరు... నవ్వులు ఆగిపోయాయి. జనం గ్లాసుల్లోకి చూస్తున్నారు. గ్లెనిస్ చెయ్యి దీపం మీట మీదికి వెళ్లింది.

"వెయ్యొద్దే తల్లీ! ఆయనకు కోపమొస్తే క్లబ్ పోతుంది," అన్నాను.

"వెయ్యకపోతే ఉండి మాత్రం ఏం లాభం?" అని వేసేసింది.

"ఏంటా దీపం?" అన్నాడు వ్లాహోస్.

"దిగమని, పెద్దాయనా," అన్నాడు డెస్మండ్.

ఆయన మొహం కందిపోయింది. నేరుగా గ్లెనిస్ దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఈ ఇల్లు నాది!"

"ఇల్లు మీదే. వేదిక నాది. మామగారి దాకా అదరగొట్టారు. పెళ్లి విందు దగ్గర తేలిపోయారు."

ఆయన వేదిక వైపు తిరిగి చూశాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"అయితే... మామగారిని చివర్లో చెప్పాల్సిందంటావా?"

"ముమ్మాటికీ."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "టైర్లవాళ్లకు కుదరదని చెబుతాలే. వచ్చే గురువారం నాకు పది నిమిషాలియ్యి."

"కొత్తవాళ్లకు ఐదే."

ఆ గురువారం కొత్తవాళ్ల వరసలో అందరికంటే వెనక నిలబడ్డాడు, ఇస్త్రీ కోటు వేసుకుని. నేను మంచినీళ్లిస్తే, సగం చొక్కా మీదే పోసుకున్నాడు.