విల్బర్న్ కీల్ ఎడమచెయ్యి

నేను బంతి పట్టుకోవడానికి చేతికి తొడుక్కునే ఒక తోలు గ్లవ్‌ను. ఓక్లహోమాలో ఒక కొట్లో విల్బర్న్ కీల్ నన్ను కొన్నాడు. నూనె పట్టించి, పరుపు కింద పెట్టి, పిడికిలితో గుద్ది గుద్ది మెత్తబరిచాడు. అంత బాధపెట్టి ఆ తర్వాత ముద్దుగా చూసుకోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు.

విల్బర్న్ అమెరికా ఆదివాసుల్లో చికసా జాతివాడు. జీతానికి బేస్‌బాల్ ఆడే పిచ్చర్, అంటే బ్యాట్ పట్టినవాడికి బంతి విసిరేవాడు. విసిరేది కుడిచేత్తో, నేనుండేది ఎడమచేతికి. బంతిని నాలో దాచి వేళ్లు సర్దుకునేవాడు. అది ఎటు వంపు తిరుగుతుందో ముందుగా నాకొక్కదానికే తెలిసేది. ఆదివాసీ ఆటగాడు ఎవరైనా సరే తెగ నాయకుడన్నట్టు, పత్రికలవాళ్లు అతన్నీ చీఫ్ అని రాసేవారు. తమవాళ్లకు ఉండేది గవర్నరని అతను చెప్పీ చెప్పీ మానేశాడు.

ఒక వేసవిలో కుడి మోచెయ్యి వాచి, ఆ వేళ్లు బంతి చుట్టూ సరిగా మూసుకోవడం మానేశాయి. ఈ ఆట కూడా ఓడితే ఇంటికి పొమ్మన్నాడు ఒకరోజు జట్టు మేనేజర్. ఆరోజే అమ్మమ్మ లవీనా మొదటిసారి మనవడి ఆట చూడటానికి వచ్చింది. వరసగా బంతులన్నీ పక్కకు పోయాయి. మేనేజర్ మైదానం మధ్యకొచ్చి, బంతి తీసుకుని అతన్ని బయటికి పంపేశాడు.

తిరుగు బస్సులో విల్బర్న్ నన్ను సంచి అడుక్కి తోసేశాడు. ఇక తనకు ఆటే లేదనుకున్నాడు. అమ్మమ్మే చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"చేత్తో విసురుతుంటే పంపెయ్యరా మరి? మగాడివి, నీ కర్రలేవీ?"

అతను తెల్లబోయాడు. నేనూ అంతే. చికసాల పాత ఆట గురించి అప్పుడే విన్నాను. అందులో మగవాళ్లు బంతిని ముట్టుకోకూడదు, కొసన చిన్న గిన్నెలాంటి అల్లిక ఉన్న రెండు కర్రలతోనే పట్టి విసరాలి. చేతులతో ఆడే వీలు ఆడవాళ్లకే. మనవడు ఇన్నేళ్లూ ఆడవాళ్ల పద్ధతిలో ఆడుతున్నాడని, ఆ సంగతి ఇరుగుపొరుగుకి పొక్కకుండా దాచిందట ఆవిడ.

తర్వాత ఒక ఆదివారం ఊరి మైదానంలో ఆడవాళ్లొక జట్టు, మగవాళ్లొక జట్టుగా ఆ పాత ఆట ఆడారు. విల్బర్న్ నన్ను ఒళ్లో పెట్టుకుని గట్టు మీదే కూర్చున్నాడు. అమ్మమ్మ వచ్చి నన్ను లాక్కుని తన చేతికి తొడుక్కుంది.

"ఇది నాకు పనికొస్తుంది. నువ్వు లేచి కర్రలు పట్టు."

"మోచెయ్యి వంగదు, అమ్మమ్మా."

"కాళ్లు వంగుతాయిగా. నన్ను పట్టుకో చూద్దాం."

ఎగిరొచ్చిన బంతి నాలో పడింది. ఆవిడ పరుగందుకుంది. వెనకాల రెండు కర్రలతో విల్బర్న్, రొప్పుతూ, నవ్వుతూ. నేనెవరి పక్షమో నాకే తెలియలేదు. ఎందుకైనా మంచిదని బంతిని గట్టిగా పట్టుకున్నాను.