ఇటు తిరిగిన త్రినాథరావు

రోజూ పొద్దున పాలు పొంగి దించేదాకా త్రినాథరావు తన కర్ర ముట్టుకోకూడదని భార్య హైమావతి కట్టడి. ఆ జానెడు కర్ర కొన ఎటు చూపితే అటున్న వస్తువు పాడుతుంది. ఒకసారి గిన్నెలు రాగం అందుకోవడంతో పాలు పొయ్యిపాలయ్యాయి. పటాన్‌చెరు క్వార్టర్లలో దీన్నెవరూ వింతగా చూడలేదు. పక్కింటి గౌసియా బేగం మాత్రం, తన బిందె శ్రుతి తప్పుతోందని అప్పుడప్పుడు సణిగేది.

త్రినాథరావు కాకినాడ నుంచి అక్కడి కర్మాగారానికి స్టోర్సు గుమాస్తాగా వచ్చిన మనిషి. డెబ్బై నాలుగులో అక్కడ వాద్యబృందం పెట్టి ఆయన్నే నడిపించమన్నారు. ఫిడేళ్లు, క్లారినెట్లు, ఒక పెద్ద డ్రమ్ము. కర్ర జనం వైపు తిరిగితే ఏం కొంప మునుగుతుందోనని ఆయన ఎప్పుడూ సభకు వీపు పెట్టే నిలబడేవాడు. సభంటే హాలు ముందు వరసలో ఆఫీసర్ల కుటుంబాలు, వెనకంతా ఖాళీ కుర్చీలు. మేనేజరు రామలింగేశ్వరరావుకు విసుగొచ్చింది. శనివారం కార్మికులు వచ్చి వింటే సరి, లేదంటే బృందం రద్దు, నువ్వు మళ్లీ స్టోర్సుకే అన్నాడు. రద్దు కాగితం టైపు చేయించి జేబులో పెట్టుకున్నాడు కూడా. త్రినాథరావుకు రెండు రోజులు అన్నం సహించలేదు.

వాళ్లు రాకపోతే మనమే వెళదామని, శనివారం షిఫ్టు మారే వేళకు బృందాన్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లాడు. పావుగంట వాయించినా ఎవరూ కంచంలోంచి తలెత్తలేదు. అంట్లు తోమే ముత్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంది సారూ, మాకు వీపు చూపెడ్తవు? పెండ్లిల బ్యాండోళ్లు సుత మా మొకం చూసి కొడ్తరు."

"నేనిటు తిరిగితే మీ సామానంతా మోగుతుందమ్మా."

"మోగనియ్. గదే కావాలె."

ఆయనకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ తాను జాగ్రత్త అనుకున్నది వీళ్లకు అవమానమైంది. కర్ర పట్టుకుని ఇటు తిరిగాడు.

టిఫిను డబ్బాలు గొంతు సవరించుకున్నాయి. గ్లాసులు, గరిటెలు, గేటు కాపలా మక్బూల్ నడుముకున్న తాళాలగుత్తి తలో స్వరం పట్టాయి. ముత్యమ్మ నాట్ల పాట ఎత్తుకుంటే నాలుగొందల మంది వంత పాడారు, ఫిడేళ్లు వాళ్ల వెంట నడిచాయి. షిఫ్టు సైరన్ కూడా తన వంతు వచ్చేదాకా ఆగి కూసింది. అంత సంతోషం త్రినాథరావు జన్మలో ఎరగడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా కర్ర దించలేదు.

గుమ్మంలో నిలబడ్డ మేనేజరు జేబులోంచి సన్నగా గరగర వినబడింది. రద్దు కాగితం తాళం వేస్తోంది. ఆయన దాన్ని తీసి, కాసేపు విని, నిలువునా చింపాడు. ఆ చిరిగిన చప్పుడూ తాళంలోనే పడింది.

సోమవారం హాలు కుర్చీలన్నీ క్యాంటీన్‌కు మోసుకొచ్చారు. త్రినాథరావు మళ్లీ స్టోర్సు గడప తొక్కలేదు.