నెల సగటు

"ఎప్పుడో ఒకసారి అన్న మాటకి ఇంత రాద్ధాంతమా? నెల మొత్తమ్మీద నేనెంత బాగుంటానో చూడవే!" అన్నాడు బాలు, భానుశ్రీ అతని టిఫిన్ డబ్బాలో పులిహోర సర్దుతుంటే. ముందురోజు చుట్టాలందరి ముందూ, "దీనిదేం ఉద్యోగం, కంప్యూటర్లో అంకెలు కూడడమేగా" అని వెటకారం చేసిన పెద్దమనిషి ఇతనే. డబ్బా మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్ళాడు.

నల్లగండ్ల నుంచి భానుశ్రీ రాయదుర్గంలోని తన ఆఫీసుకి చేరేసరికి ఆ అంకెలే ఎదురుచూస్తున్నాయి. ఎక్కడో పరదేశపు తీరంలో ఉన్న అణు విద్యుత్ కేంద్రం లెక్కలు ఇక్కడి నుంచి చూస్తారు. పన్నెండో తారీఖున అక్కడ ఎవరో పొరపాటున ఒక వాల్వు బదులు ఇంకోటి తిప్పారు. శుద్ధి చేయని అణువ్యర్థాల నీళ్ళు నాలుగు గంటలపాటు సముద్రంలోకి పోయాయి. నివేదిక రాసి కింద పేరు పెట్టాల్సింది భానుశ్రీ.

మేనేజర్ రవీందర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఏంది మేడమ్, గిట్ల గంటల లెక్క రాస్తే క్లయింట్ పరేషాన్ అయితడు. నెల యావరేజ్ ఎయ్యండి, లిమిట్ లోపల్నే ఉంటది. జర ఆలోచించండి, ప్రమోషన్ లిస్టుల మీ పేరుంది."

పొద్దున్న ఇంట్లో విన్న మాటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకొచ్చింది. పదహారేళ్ళ కాపురంలో ఆమె చేస్తూ వచ్చింది మాత్రం ఇంకేమిటి? ఒక్కరోజు చివుక్కుమన్న మనసుని ముప్ఫై రోజుల మంచితనంలో కలిపి, పలచన చేసి, గుటుక్కున మింగేయడమే. ఈ లెక్క తనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అమ్మ గుర్తొచ్చింది. భీమిలిలో ఉన్న రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు కడగడం అయ్యాక, కనకలక్ష్మి కూతుర్ని వెంటేసుకుని సముద్రానికి వెళ్ళేది. కుచ్చిళ్ళు పైకి దోపి మోకాలి లోతు నీళ్ళలో నిలబడేది. "ఇక్కడైతే ఎవరు పిలిచినా వినబడదే, భానూ!" అని పకపకా నవ్వేది. దోసిట్లో నీళ్ళు తీసి మొహాన కొట్టుకునేది. ఆ నవ్వు ఇంట్లో ఎన్నడూ వినలేదు భానుశ్రీ. ఎంత బాగుండేది అమ్మ, ఆ గంటసేపూ! ఆ గంటని వారం మొత్తానికీ సగటు కడితే అమ్మకి మిగిలేదేముంది?

ఆ పరదేశపు తీరంలోనూ పన్నెండో తారీఖున ఎవరో ఒకామె పనులన్నీ ముగించుకుని, కాస్త ఊపిరి పీల్చుకుందామని నీళ్ళలోకి దిగే ఉంటుంది. ఆమె దిగింది నెల సగటులోకి కాదు.

భానుశ్రీ తారీఖు రాసింది, గంటలు రాసింది, కింద తన పేరు రాసి పంపేసింది.

"ఇగ ప్రమోషన్ మర్చిపోండి మేడమ్," అన్నాడు రవీందర్ గొంతు తగ్గించి.

"దాన్ని మర్చిపోతాను సార్," అంది భానుశ్రీ. "ఆ నాలుగు గంటల్ని మర్చిపోవడం మాత్రం నా వల్ల కాదు."