మూఢం రోజుల్ని మూటగట్టిన ఫైలు

నేను ఒక కాన్ఫిగరేషన్ ఫైలుని. నూట ముప్పై ఎనిమిది లైన్లు, అంతే నా ఒళ్లు. మీరు ఫోన్‌లో ఏ రైలు టికెట్టో కొనేటప్పుడు వెనకాల నాబోటిది ఒకటి ఉంటుందని మీకు తెలియదు, తెలియక మీకొచ్చిన నష్టమూ లేదు. ప్రోగ్రామర్లు రాసే సరంజామా అంతా ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. అందులో ఏవి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి, మిగిలినవాటిని ఎలా కుదించి ఒకే మూటగా కట్టి సర్వర్‌కి పంపాలి అన్నది బిల్డ్ టూల్ అనే పనిముట్టుకి చెప్పేదాన్ని నేనే. అది ఒళ్లొంచి పనిచేస్తుంది గానీ దానికి సొంత బుర్ర లేదు. నాకు మాత్రం ఎక్కడేడ్చింది లెండి.

నన్ను రాసిన పిల్ల పేరు హైమవతి. రాజమండ్రిలో ఓ మేడమీద, మూడు గదుల కంపెనీ. యజమాని పట్టాభిగారు. నేను పుట్టింది ఒక కల్యాణమండపం బుకింగ్ సైటు కోసం. మూఢంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు కనక మండపంవాళ్లు ఆ రోజుల్లో తలుపులు మూసి వెల్లలు వేయించుకునేవారు. హైమ పంచాంగాలు ముందు పెట్టుకుని రాబోయే మూడేళ్లకీ ఆ తేదీలన్నీ వేరే ఫైల్లో రాసింది. కట్టే ప్రతి మూటలోనూ ఆ తేదీల ఫైలుని కలపమని నా నలభై ఒకటో లైన్లో పెట్టింది. మూఢం రాగానే బుకింగులు వాటంతటవే ఆగిపోయేవి. పట్టాభిగారు వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఏడాది తర్వాత ఒక డయాలసిస్ సెంటర్‌వాళ్లు వచ్చారు. కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి మూడుసార్లు యంత్రం దగ్గర పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి కదా, ఆ వంతులు ఫోన్‌లో బుక్ చేసుకునే సైటు కావాలన్నారు. మా లోకంలో నాబోటివాటిని కొత్తగా రాసే ఓపిక ఎవరికీ ఉండదు. నడుస్తున్నదాన్ని ఎత్తి కొత్తదాంట్లో పడేస్తారు. హైమా అదే చేసింది, నాతోపాటు ఆ తేదీల ఫైలూ వచ్చిపడింది. పాపం ఊరికే పడేయలేదు, ఒక్కో లైనూ చదివి మండపం తాలూకువి తీసేస్తూ వచ్చింది. ముప్పై ఆరో లైను దగ్గరుండగా పట్టాభిగారు గుమ్మంలోంచి పిలిచారు.

“హైమా, పదకొండూ ఇరవైకి ముహూర్తమమ్మా. డాక్టరుగారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు.”

“ఒక్క పావుగంట సార్. ఈ ఫైలు పూర్తిగా చూడలేదు.”

“సైటు నడుస్తోందా, లేదా?”

“నడుస్తోంది సార్.”

“మరింకేం? ఈ ఘడియ దాటితే మళ్లీ వచ్చే గురువారం దాకా మంచిది లేదు. మిగతాది తర్వాత చూసుకుందువుగాని, రా.”

ఆ తర్వాత అన్నది మళ్లీ రాలేదు. డాక్టరుగారు బటన్ నొక్కారు, నేను మూట కట్టించాను, అందరూ కొబ్బరిముక్కలు తిన్నారు. మూఢానికి ఇంకా మూడు నెలలుంది కాబట్టి సైటు బ్రహ్మాండంగా నడిచింది.

ఆ సెంటర్‌కి వచ్చేవాళ్లలో వీర్రాజుగారని ఒకాయన. గోదావరి మీద లాంచీ సరంగుగా పనిచేసినాయన. కూతురు మంగతాయారు ప్రతి ఆదివారం కూర్చుని ఆ వారం వంతులు బుక్ చేసేది. మూఢం మొదలయ్యే ముందు ఆదివారం ఆమె సైటు తెరిస్తే, ‘ఈ తేదీల్లో బుకింగ్ లేదు’ అని కనిపించింది. వరసగా తొమ్మిది రోజులు. మిగతావాళ్లు సెంటర్‌కి ఫోన్ చేశారు. సైటు మొరాయిస్తోంది, మీరు వచ్చేయండి అని నర్సు చెప్పి పుస్తకంలో పేర్లు రాసుకుంది. మా ఆఫీసుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. మంగతాయారు ఫోన్ చేయలేదు. యంత్రాలు బాగుచేస్తున్నారు కాబోలనుకుని, రాసింది రాసినట్టు నమ్మింది. నర్సేమో, ఆయన పెద్దాసుపత్రికి మారిపోయారనుకుంది. ఆరో రోజున ఊపిరాడక ఆటోలో తీసుకొస్తుంటే వీర్రాజుగారు దారిలోనే పోయారు.

డాక్టరుగారి ఫోన్ రాగానే హైమ నన్ను తెరిచింది. నలభై ఒకటో లైను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాన్ని తీసేసి కొత్త మూట కట్టి పంపింది. అప్పటినుంచి నేను పాత వెర్షన్‌ని, అంటే దాచి ఉంచిన పాత ప్రతిని. సంగతి బయటికి పొక్కకూడదని పట్టాభిగారు అందరికీ గట్టిగా చెప్పారు.

పెద్దకర్మ అయిన మర్నాడు మంగతాయారు మా మెట్లెక్కి వచ్చింది.

“మేడంగారండి, నేనే ఏదో తప్పు నొక్కేసుంటానండి. అదేంటో చూసి చెప్తారని వచ్చాను. నీకు ఫోను వాడ్డం రాకే ఇంత జరిగిందని ఇంట్లో అందరూ అంటన్నారండి.”

“సర్వర్లన్నాక అప్పుడప్పుడూ…” అని పట్టాభిగారు అందుకోబోయారు.

హైమ ఆయన వంక చూడలేదు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పి, నన్ను తెరిచి, వేలు పెట్టి చూపించింది.

“మీరు సరిగ్గానే నొక్కారండి. తప్పు ఇక్కడుంది. ఇది నేను రాసిన లైను. మీ సైట్లోంచి తీసేయాల్సింది, తీయలేదు.”

ఆమెకి ఇంగ్లీషు రాదు. అయినా చాలాసేపు చూసింది.

“ఈ ఒక్క గీతేనా అండి?”

“అవునండి.”

మంగతాయారు కోప్పడుతుందని హైమ ఎదురుచూసింది. తిడితే బాగుండునని నేనూ అనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

“మా నాన్నగారు రోజూ అడుగుతానే ఉన్నారండి, ఓసారి ఎళ్లి చూసొద్దామే అని. ‘లేదని ఇందులో రాశారు కదా నాన్నా, ఊరుకో’ అని ఫోను చూపించి నేనే పడుకోబెట్టానండి.”

నన్ను ఆ క్షణాన చెరిపేసి ఉంటే ఎంత బాగుండేదో. కానీ పాత వెర్షన్లని ఎవరూ చెరపరు.