పన్నెండు గాట్ల చెప్పు

ఈ దీవిలో నేను చేసిన కొంటెపనుల్ని ఇంతవరకూ ఒక్కరూ కనిపెట్టలేదు. ఆ రోజు పొద్దున్న మాత్రం మా అమ్మ రెండు కనిపెట్టింది. అమ్మని లెక్కలోకి తీసుకోకూడదు.

మా మావయ్యనైతే అసలే తీసుకోకూడదు. అందర్నీ ఒకేసారి అనుమానించేవాడు ఎవర్ని పట్టుకుంటాడు? నిద్రలేవగానే ముందు తన కాళ్లకేసి చూసుకుంటాడు, రాత్రి పడుకోబెట్టినవి ఇవేనా అని. దొంగల భయంతో ఒకసారి అన్నం డబ్బాకి తాళం వేసి, తాళంచెవి డబ్బాలోనే భద్రంగా దాచాడు.

ఆ వేళ కూడా పడమటి ఒడ్డున నడుం వంచి ఉన్నాడు. పందొమ్మిదేళ్లుగా అదే ఒడ్డు. రాత్రంతా సముద్రం తెచ్చి పోసిన సీసాలు, తెగిన వలలు, థర్మోకోల్ ముక్కలు, జత తప్పిన చెప్పులు. ఒక్కోదాన్నీ ఎత్తి, బోర్లించి, ఇసక దులిపి, కొడవలితో గాటు పెట్టి గోతంలో వేస్తాడు. మా పనివాళ్లలో ఎవరి గాటు వాళ్లది. మావయ్యది వాలుగాటు. గాటు పడిన చెత్త మళ్లీ ఒడ్డున కనిపించిందంటే సముద్రం తెచ్చింది కాదు. ఎత్తినవాడే చెత్తగుట్టకి పంపకుండా ఇసకలో పూడ్చేశాడని అర్థం.

దీవి మధ్యలో ఉన్న ఆ గుట్టకి గోతాలు తోలే ట్రాక్టరు నాది. పదకొండు రోజుల కిందట గుట్ట మీద మావయ్య గాటున్న ఆకుపచ్చ చెప్పొకటి కంటపడింది. మర్నాడు తెల్లారకముందే తెచ్చి ఆయన ఒడ్డున పెట్టాను. ఆయన ఎత్తి, ఇంకో గాటు పెట్టి, గోతంలో వేశాడు. నేను మళ్లీ తెచ్చాను. అలా రోజూ.

"ఏమే, మళ్లీ వచ్చిందే!" అన్నాడు మావయ్య, పన్నెండో గాటు పెడుతూ. ఆయన బొటనవేలి గోరు చుట్టూ ఎర్రరంగు అంటుకుని ఉంది.

"నీ మీద మనసు పడిందేమో మావయ్యా."

"నవ్వకు. టీ కొట్టువాడికేదో తెలుసు. నన్ను చూడగానే పంచదార తగ్గిస్తున్నాడు."

"మొన్న కాకి అన్నావు?"

"కాకి మీద అనుమానం పోయింది. దానికి రెక్క బాలేదు."

"పోనీ నేనేమో!"

"నువ్వా? పొద్దున్నే లేచే మొహమేనా అది?" అని, గొంతు తగ్గించాడు. "నిన్న మేస్త్రీ అన్నాడే... ఇంకొక్కసారి నా గాటు ఒడ్డున కనిపిస్తే ఈ ఒడ్డు నా దగ్గర్నుంచి తీసేస్తానని."

ఆ సంగతి నాకు తెలీదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పటికే మేస్త్రీ మా వెనకాల నిలబడున్నాడు.

"నీ గాటేనా?" చెప్పు లాక్కున్నాడు.

"నాదే."

"ఇన్నీనా?"

"అన్నీ నావే."

"పందొమ్మిదేళ్లలో ఎంత పూడ్చావో! సాయంత్రం పడవకి అవతలి ఒడ్డుకి పో. షెడ్డులో కూర్చుని సీసామూతలు ఏరుకో."

మావయ్య కొడవలి తుడిచి గోతం మీద పెట్టాడు. నేను ట్రాక్టరు టైరుని, అప్పుడే పుట్టిన పసిబిడ్డని చూసినంత శ్రద్ధగా చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం రేవులో ఆయన రేకుపెట్టె నేను అందించబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. నా అరచెయ్యి ఎర్రగా ఉంది. పొద్దుటినుంచీ ట్రాక్టరు తుప్పనుకున్నాను.

"నిన్న గోతంలో వేసేముందు చెప్పు అడుగున పడవరంగు పూశానే," అన్నాడు. "ఆరకుండా నూనె కలిపి. టీ కొట్టువాడి చేతులు చూశా. మేస్త్రీ చేతులు, చెప్పు లాక్కోకముందే చూశా. కాకి కాళ్లు కూడా చూశా."

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"నీవి చూడలేదు."

నా వేళ్లు ఒక్కొక్కటే ముడిచి గుప్పిట మూశాడు.

"కడుక్కో. మేస్త్రీ చూస్తాడు."

పడవెక్కి అటుతిరిగి కూర్చున్నాడు.

నేను కడుక్కోలేదు. మేస్త్రీ గదికి వెళ్లి, ఆయన అన్నం తింటుంటే బల్ల మీద రెండు చేతులూ చాపాను.

"ఆ చెప్పు పెట్టింది నేనే. పదకొండుసార్లూ. మావయ్య ఒక్క మూత కూడా పూడ్చలేదు."

ఈసారి ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదు. మేస్త్రీ ముద్ద వదిలేసి కిటికీలోంచి చూశాడు. పడవ కనపడటం లేదు. మళ్లీ పడవ సోమవారమే.

గోడమేకుకి ఆకుపచ్చ చెప్పు వేలాడుతోంది. మడమ నుంచి వేళ్లదాకా పన్నెండు వాలుగాట్లు, గీసిపెట్టినట్టు ఒకే ఎడంలో. అడుగున ఎరుపు ఇంకా ఆరలేదు.