కోత మీద కోత

మా అత్త కామమ్మ చేపలమ్ముతుంది. సాయంత్రానికి మిగిలిన సరుకుకు వ్యాను మాల్యాద్రి ఎంత చెబితే అంత. ఐసు కరిగిపోతోందని అతనికీ తెలుసు, అందుకే తొందరపడడు. అతని ముసిముసి నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్రీజర్ ఒకటి కొంటే ఈ పీడ వదులుతుందని అత్త ఆశ.

కావలిలో ఒక షాపు ముందు ఇరవై శాతం తగ్గింపు, ఆపైన ఇంకో పది అని బోర్డు పెట్టారు. ఫ్రీజర్ ధర ఇరవై వేలు. ముప్పై తీసేస్తే పద్నాలుగు వేలని అత్త తేల్చేసింది. మా రేవులో అంతే మరి. వేలం వేసేవాడి కమీషనూ, ఊరి వాటా రెండూ పాట మొత్తం మీదే కోస్తారు. ఆ లెక్కనే చీటీ పాడి, పద్నాలుగు వేలు రొండిన దోపుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

కౌంటరులో ఉన్న భానుప్రియ అనే అమ్మాయి కాలిక్యులేటర్ తిప్పి చూపించింది. పదహారు వేల తొమ్మిది వందల తొంభై రెండు.

"ఇదేంది పాపా? తగ్గిస్తామని రాసి పెంచినారే!"

"ఇరవై తీస్తే పదహారు వేలమ్మా. తర్వాతి పది శాతం ఆ పదహారు మీదే. పద్నాలుగు వేల నాలుగు వందలయింది. దానిమీద పద్దెనిమిది శాతం జీఎస్టీ."

"అట్టయితే ముందు పది కొయ్యి, తర్వాత ఇరవై కొయ్యి."

కొట్టింది. అదే అంకె.

"పోనీ ముందు పన్ను ఏసుకో. పెద్ద మొత్తం మీద కోత ఎక్కువ పడుద్ది గదా."

మళ్లీ అదే అంకె. నాకు నవ్వొచ్చింది గానీ, అత్త కళ్లలో నీళ్లు చూసి మింగేశాను. అప్పు మాత్రం చేయనని ఆమె ఇంట్లో ఒట్టేసి వచ్చింది.

కాసేపటికి అత్త మూలనున్న చిన్న ఫ్రీజర్ చూపించింది. "అదెంత?"

పదహారు వేలు. తగ్గింపులన్నీ పోయి, పన్ను కలిపితే పదమూడు వేల ఐదు వందల తొంభై నాలుగు.

"దాన్లో పెద్ద వంజరం పట్టదత్తా," అన్నాను.

"తుంచి పెడదాంలే."

మిగిలిన డబ్బు ఆటోకు సరిపోయింది.

మర్నాడు సాయంత్రం మాల్యాద్రి వ్యాను ఆపి, ఎప్పటిలాగే సగం ధర చెప్పాడు.

"ఈ పొద్దు అమ్మను నాయనా. ఇష్టమైతే రేపు రా," అంది అత్త.

అతను నవ్వడం మానేశాడు. మా గడపలో నిలబడి, మొట్టమొదటిసారి తనంతట తానే ధర పెంచాడు. అత్త అయినా ఇవ్వలేదు.